కోటలో ఆకు దూసిన ఆండాళ్

ఆండాళ్‌కి చేతులు ఖాళీగా ఉంటే తోచదు. ఫోన్‌లో మాట్లాడుతూనే చిక్కుడుకాయలకు ఈనెలు తీసేస్తుంది. ఎవరింటికి పేరంటానికి వెళ్లినా వాళ్ల కొత్తిమీర కట్ట ముందేసుకుని శుభ్రం చేసి మరీ వస్తుంది. పిట్స్‌బర్గ్ పక్కన మన్రోవిల్‌లో ఉన్న తెలుగువాళ్లందరికీ ఈ సంగతి తెలుసు. ఆ చేతుల పుణ్యమా అని 1981 ఫిబ్రవరిలో ఆమె పేరు ఒక ఇటాలియన్ కోట ఆఫీసులో, లోపలికి రానివ్వకూడని వాళ్ల జాబితాలోకి ఎక్కింది. ఆ జాబితాలోకి ఎక్కిన మొదటి తెలుగు మనిషి ఆవిడే. ఆఖరి మనిషి కూడా బహుశా ఆవిడే.

పెన్సిల్వేనియా కొండల్లో ఇటాలియన్ కోట ఏమిటని అడక్కండి. సొమ్మున్న మహారాజుకి అడ్డేముంది? అప్పటికి డెబ్బై ఏళ్ల కిందట ఒక బొగ్గుగనుల ఆసామి టస్కనీలో పాడుబడిన కోటను కొని, రాళ్లకు నంబర్లు వేయించి, ఓడలెక్కించి తెచ్చి ఇక్కడ మళ్లీ కట్టించాడు. కోటతో పాటు దాని తోటనూ తెచ్చాడు. మెట్లు మెట్లుగా దిగే తోట, సింహం నోట్లోంచి నీళ్లు కారే రాతితొట్లు, పెద్ద పెద్ద మట్టికుండీల్లో నిమ్మచెట్లు. ఆ కుండీలతో ఓడ దిగిన తోటమాలికి కొడుకు బెర్నార్డి. ఆ ఏటికి అరవై నాలుగేళ్ల మనిషి, తోటంతటికీ పెద్ద. మాట తక్కువ, కోపం ఎక్కువ.

ఆ ఆదివారం ఆండాళ్, భర్త శ్యామ్‌సుందర్, ఎనిమిదేళ్ల కూతురు రేణు కోట చూడటానికి వెళ్లారు. బయటి తోట మంచు కింద ఉంది కాబట్టి, వచ్చినవాళ్లను అద్దాల ఇంట్లోకి తీసుకెళ్లి నిలబెట్టారు. గైడు పిల్ల ఏ ప్రభువు ఎవరిని పెళ్లాడాడో, ఎవరికి ఎవరు విషం పెట్టారో చెప్పుకుపోతోంది. ఆండాళ్ వెనకగా, ఒక పెద్ద కుండీని ఆనుకుని నిలబడింది. చెయ్యి తగిలి ఒక ఆకు నలిగింది. ఆమె తల దించి చూసింది.

బొండుమల్లె!

పన్నెండేళ్లయింది ఆమె బతికున్న మల్లెపొదను చూసి. మైలవరం దగ్గర వాళ్ల నాన్నగారికి అరెకరం మల్లెతోట ఉండేది. అందులో ప్రతి మొగ్గా పెరుమాళ్ల కైంకర్యానికే. ఏటా చలికాలంలో పొదలన్నిటికీ ఆకు దూసి, కొమ్మలు కత్తిరించి, నీళ్లు మాన్పించేవారు. ఆరేళ్ల వయసు నుంచీ ఆండాళ్‌ది ఆకు దూసే పని. ఆకు దూయని మల్లె ఆకే వేస్తుంది గాని పువ్వెయ్యదని నాన్నగారు వందసార్లు చెప్పి ఉంటారు. ఈ కుండీలో పొద చూస్తే నల్లగా నిగనిగలాడుతూ గుబురుగా ఉంది. ఒక్క మొగ్గ లేదు. దీనికి సుఖం ఎక్కువైంది అనుకుంది ఆండాళ్.

అనుకుని ఊరుకుంటే కథే లేదు. ఆమె చెవులు ప్రభువుల కాపురాలు వింటూనే ఉన్నాయి, చేతులు మాత్రం మైలవరం వెళ్లిపోయాయి. కొమ్మ మొదట్లో వేళ్లు బిగించి చివరిదాకా సర్రున లాగడం, ఇంకో కొమ్మ, మరో కొమ్మ. గైడు పిల్ల మూడో ప్రభువు దగ్గరికొచ్చి ఇటు తిరిగేసరికి పొద సగం బోడిగా ఉంది. ఆండాళ్ బూట్ల చుట్టూ ఆకుల కుప్ప. ఆ పిల్ల పెట్టిన కేకకి రేణు కూడా కేక పెట్టింది.

ఆఫీసులో తోట కమిటీ అధ్యక్షురాలు మిసెస్ విట్‌కోంబ్ కూర్చుని ఉంది. తెల్లటి జుట్టు ఒక్క వెంట్రుక చెదరకుండా ముడేసుకున్న మనిషి. ఈ మొక్క ఇటలీ నుంచి వచ్చిందనీ, దీని వయసు తమ అందరి వయసు కంటే ఎక్కువనీ, ఇలాంటి పని చేసినవాళ్లు మళ్లీ ఈ గేటు దాటడానికి వీల్లేదనీ నెమ్మదిగా, చలిగాలి లాంటి గొంతుతో చెప్పింది. శ్యామ్‌సుందర్ సారీ మీద సారీ చెప్పాడు. ఆండాళ్ ఒక్కటీ చెప్పలేదు.

“సగమే అయింది మేడమ్. మిగతా సగం కూడా దూసెయ్యాలి. లేకపోతే ఈ ఏడు కూడా పూయదు,” అంది తన ఇంగ్లీషులో.

గుమ్మంలో నిలబడ్డ బెర్నార్డి అప్పుడు నోరు విప్పాడు. “పూయడం లేదని మీకెవరు చెప్పారు?”

“ఆకులే చెప్పాయి. ఎన్నేళ్లయింది?”

“ఏడు. మా నాన్న పోయిన దగ్గర్నుంచీ.” ఆయన గుమ్మం దాటి లోపలికొచ్చాడు. తండ్రి ఉన్నంతకాలం ఆ కుండీని ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. తండ్రి పోయాక కత్తెర పెట్టడానికి తనకు చేతులు రాలేదు. రోజూ నీళ్లు, నెలనెలా ఎరువు, అంతే. “చిన్నప్పుడు చలికాలంలో ఈ అద్దాల ఇంటి బయట పచ్చి ఆకుల కుప్ప కనబడేది. వాటంతటవే రాలాయనుకునేవాణ్ణి,” అన్నాడు.

“పచ్చి ఆకులు ఎక్కడైనా వాటంతటవే రాలతాయా అండీ?” అంది ఆండాళ్.

ఆ మాట ఆయనకు తగిలింది. మిసెస్ విట్‌కోంబ్ వైపు తిరిగి, మిగతా పని ఆమె చేతే చేయిస్తాననీ, మే నెలాఖరు దాకా గడువిమ్మనీ అడిగాడు. ఆవిడ ఒప్పుకుంది గాని ముక్తసరిగా ఒప్పుకుంది. పూస్తే సరే. చస్తే, కోట తోటలో డెబ్బై ఏళ్ల చెట్టును చంపింది ఫలానా ఆవిడ అని రికార్డులో రాసిపెడతారట.

కారులో శ్యామ్‌సుందర్ ఇంటిదాకా ఆగలేకపోయాడు. “మార్చిలో సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూ ఉంది, గుర్తుందా నీకు? పోలీస్ కంప్లయింట్ ఇస్తే ఏం చేద్దామని?”

“ఆకు దూస్తే సిటిజన్‌షిప్ ఇవ్వరా ఏమిటండీ?”

“జోక్ కాదు ఆండాళ్. రేపటికల్లా మన వాళ్లందరికీ తెలిసిపోతుంది. నేనైతే మళ్లీ అక్కడికి డ్రైవ్ చెయ్యను.”

చెయ్యలేదు కూడా. ఆండాళ్ పంతం ఆండాళ్‌ది. ప్రతి శనివారం రెండు బస్సులు మారి, చీర మీద కోటు, కాళ్లకు మంచు బూట్లు, తలకు మఫ్లర్‌తో వెనక గేటు దగ్గర దిగేది. బెర్నార్డి తలుపు తీసేవాడు. మొదటి శనివారమే మిగిలిన ఆకంతా దూసి, పొదను మోకాలెత్తుకు కత్తిరించింది. కత్తెర పడ్డప్పుడల్లా ఆయన అటు తిరిగి నిలబడ్డాడు. కుండీని ఎండ బాగా పడే దక్షిణం అద్దం దగ్గరికి ఇద్దరూ కలిసి జరిపారు. మూడు వారాలు చుక్క నీరు పోయవద్దని చెప్పి ఆమె ఇంటికొచ్చింది.

నాలుగో రోజే బెర్నార్డి నుంచి ఫోను. “కొమ్మలు ఎండిపోతున్నాయి.”

“పోయకండి.”

వారం తిరక్కుండా మళ్లీ. “ఎండిపోయాయి. పుల్లల్లా ఉన్నాయి. నాన్న చెట్టు చచ్చిపోయింది.”

ఆ శనివారం ఆండాళ్ వెళ్లి, ఒక కొమ్మ మీద బొటనవేలి గోటితో గీసింది. గోధుమరంగు పెచ్చు కింద పచ్చదనం కనిపించింది. బెర్నార్డి కళ్లద్దాలు పెట్టుకుని చూశాడు, తీసి తుడిచి మళ్లీ చూశాడు. ఆ తరువాత ఫోను చెయ్యడం మానేశాడు.

ఎదుట ధైర్యంగా ఉంటుంది గాని తిరుగు బస్సులో ఆండాళ్‌కి అనుమానాలు మొదలయ్యేవి. మైలవరం ఎండ వేరు, ఇక్కడి అద్దాల మీద పడే ఎండ వేరు. ఈ చెట్టు చస్తే రికార్డులో తన పేరు పడటం ఒక్కటే కాదు, నాన్నగారు జన్మంతా నమ్మి చేసిన పని అబద్ధమైపోయినట్టు ఉంటుంది. ఆ ఆలోచన వస్తే ఆమెకు అన్నం సయించేది కాదు. గుళ్లో కలిసినవాళ్లు, “కోట ఎలా ఉంది ఆండాళ్ గారూ, ఇంకా నిలబడే ఉందా?” అని నవ్వుతుంటే తానూ నవ్వేసి ఇంటికొచ్చి ఏడ్చింది ఒకసారి.

మార్చి మూడో వారంలో కుదురు గుల్లచేసి, మాగిన గుర్రపు పేడ వేసి, నిండా నీళ్లు పోశారు. ఏప్రిల్‌లో చిగుళ్లు వచ్చాయి. బెర్నార్డి ఆ రోజు కాఫీ కలిపి ఇచ్చాడు. ఏప్రిల్ అయిపోయింది, ఆకులు పెరిగాయి, మొగ్గ జాడ లేదు. మే మొదటి శనివారం లేదు, రెండో శనివారం లేదు. శ్యామ్‌సుందర్ ఏమీ అడగటం లేదు; అడగకపోవడమే ఎక్కువ బాధగా ఉంది. మే పదహారున ఆండాళ్ మోకాళ్ల మీద కూర్చుని ఒక్కొక్క చిగురూ విప్పి చూసింది. ఒక కొమ్మ చివర మూడు ఆకుల మధ్య బియ్యపు గింజంత మొగ్గ. పక్కన ఇంకొకటి. తరువాత లెక్క తప్పిపోయింది ఆమెకు.

మే ముప్పై శనివారం సాయంత్రం కమిటీ వాళ్లు చూడటానికి వస్తారని కబురు. ఆ రోజు శ్యామ్‌సుందర్ పొద్దున్నే కారు తుడిచి, ఏమీ ఎరగనట్టు, “ఎన్నింటికి వెళ్లాలి?” అని అడిగాడు. ఆండాళ్ కూడా ఏమీ ఎరగనట్టే, “రెండింటికి,” అంది.

నాలుగింటికి మిసెస్ విట్‌కోంబ్, మరో ఐదుగురు అద్దాల ఇంట్లో అడుగుపెట్టేసరికి ఆండాళ్ చీర కొంగు నడుముకు దోపుకుని, తెల్లగా ఊరిన మొగ్గలన్నీ కోసి పళ్లెంలో వేస్తోంది.

“ఆపండి!” అంది మిసెస్ విట్‌కోంబ్. “పువ్వులు చూద్దామని వస్తే, విచ్చుకోకుండానే తెంపేస్తున్నారా?”

ఆండాళ్ చెయ్యి ఆగలేదు. మల్లెను మొగ్గగానే కోస్తారని, సాయంత్రానికి మాలలో విచ్చుకుంటుందని ఈవిడకు ఇంగ్లీషులో ఎలా చెప్పడం? ఆమె వెతుక్కుంటూ ఉండగానే శ్యామ్‌సుందర్ ముందుకొచ్చాడు. ఈసారి సారీ చెప్పలేదు.

“మేడమ్, ఆవిడ పని ఆవిడకి తెలుసు. రెండు గంటలు ఆగండి,” అన్నాడు.

బెర్నార్డి అందరికీ కుర్చీలు వేశాడు. ఆండాళ్ నేల మీద బాసింపట్టు వేసుకుని దారం అందుకుంది. రెండు మొగ్గలు ఇటు, రెండు మొగ్గలు అటు, వేళ్ల మధ్య దారం మెలిక, బిగింపు. సూది లేదు. చేతికేసి చూసుకోవడం కూడా లేదు. కమిటీ వాళ్లు కుర్చీలు దగ్గరికి లాక్కున్నారు, ఒకావిడ ఏకంగా కిందే కూర్చుంది. మాల పూర్తయ్యాక ఆండాళ్ దాన్ని ముక్కలు చేసింది. బళ్లో నవ్వుతారని ఎన్నడూ తలలో పువ్వు పెట్టనివ్వని రేణు, “అమ్మా, నాకు ఫస్ట్,” అని జడ ముందుకు వేసుకుంది. ఒక ముక్క బెర్నార్డి కోటు గుండీకి. ఇంకో ముక్క పట్టుకుని ఆండాళ్ మిసెస్ విట్‌కోంబ్ వెనక్కి వెళ్లి, అడగకుండానే ఆ తెల్లముడిలో తురిమింది.

ఆరింటికి మొదటి మొగ్గ విచ్చుకుంది. ఎవరి తలలోదో ఎవరూ చెప్పలేకపోయారు. పది నిమిషాల్లో అద్దాల ఇల్లంతా మల్లెల వాసన కమ్ముకుంది. బెర్నార్డి కోటు గుండీ పైకెత్తి ముక్కు దగ్గర పెట్టుకుని, ఇటాలియన్‌లో ఏదో అని, సిగ్గుపడకుండా ఏడ్చాడు. మిసెస్ విట్‌కోంబ్ తన ముడి వాసన తానే చూసుకోవాలని తల ఇటూ అటూ తిప్పుతోంది. రెండు వెంట్రుకలు చెదిరినా చూసుకోలేదు.

“డెబ్బై ఏళ్లుగా ఇది మా దగ్గరుంది. ఇటలీ పువ్వనే అనుకున్నాం,” అంది చివరికి.

ఆండాళ్‌కి ఆ క్షణంలో పట్టరాని ఆనందం కలిగింది. నాన్నగారు ఎదురుగా నిలబడి చూస్తున్నట్టు వెన్ను నిటారుగా చేసి, నడుముకు దోపిన కొంగు విప్పుకుని, అద్దాల ఇల్లు మారుమోగేలా అంది.

“ఇటలీదే అనుకోండి మేడమ్, అమెరికాదే అనుకోండి. పూయించాలంటే మాత్రం మమ్మల్ని పిలవాలి!”