గుట్టకు యూరియా తాగించిన ఎండాకాలం

మొన్న ఇస్నాపూర్ మీదుగా వస్తుంటే, రోడ్డు పక్కన తొలిచిన గుట్ట జారకుండా కాంక్రీటు గోడ పోస్తున్నారు. బస్సు దాటిపోయినా మెడ తిప్పి అటే చూస్తూ ఉండిపోయాను; ఇరవై ఏళ్ళు వెనక్కి వెళ్ళి మా మేనత్త పెరట్లో నిలబడ్డట్టయింది.

అత్త ఇల్లు మొరమూ గుండ్రాళ్ళూ కలిసిన ఒక గుట్ట కింద ఉండేది. షెడ్డు వేస్తామని ఎవరో ఆ గుట్టను సగానికి కోసి వదిలేశారు. ఇక వాన పడ్డప్పుడల్లా మట్టీ రాళ్ళూ పెరట్లోకి దిగేవి. ఇంకో పెద్ద వానకు ఇల్లు మిగలదని, ఖాళీ చేయమని అందరం చెప్పాం. మామ పోయాక ఆ ఇల్లూ, ఫ్యాక్టరీ కూలీలకు కిరాయికిచ్చిన రెండు గదులూ ఆమెకు ఆధారం, కదలనన్నది.

ఆమె కొడుకు, మా బావ, ఒక కాలేజీలో మట్టిని పరీక్షించే ల్యాబులో పనిచేసేవాడు. మట్టిలో సహజంగా ఉండే ఒక రకం బ్యాక్టీరియాను పెంచి, గొట్టాలతో గుట్టలోకి పోసి, యూరియా, కాల్షియం కలిపిన నీళ్ళు తాగిస్తే, అది రేణువుల మధ్య సున్నపురాయిని పేరుస్తుందని, మట్టీ రాళ్ళూ ఒకదాన్నొకటి పట్టుకుంటాయని చెప్పాడు. మంత్రాలతో రోగం కుదురుస్తామనేవాళ్ళను సభల్లో నిలదీసి తిట్లు తిన్నవాణ్ణి నేను. బావ మాటయినా కళ్ళతో చూస్తేనే ఒప్పుకుంటానన్నాను. అత్తయితే నవ్వింది.

“మనుషులు కట్టిన గోడలే నిలుస్తలేవు, పురుగులు కడ్తయా బిడ్డా?”

ఎండాకాలమంతా పోశాం. అమ్మోనియా కంపుకు కిరాయివాళ్ళు ముక్కులు మూసుకున్నారు. ఒక శుక్రవారం, దీపం పెట్టే ముందు ఇల్లు కడుక్కునే అలవాటు కొద్దీ అత్త పెరడంతా ఫినాయిల్‌తో కడిగి, మిగిలిన బకెట్టు గుట్ట కుడి మూలన కుమ్మరించింది. ఆ మూల మట్టి ఎన్నాళ్ళయినా గట్టిపడలేదు, చేత్తో నలిపితే పొడిగా రాలింది.

“ఆ పురుగులన్నిటిని సంపినవ్ కదనే అమ్మా,” అన్నాడు బావ.

“కంపు కొడ్తే కడగనారా? పాలల్ల తోడేసినట్టని ముందే చెప్తే ముట్టకపోదునా,” అని అత్త అతన్నే తగులుకుంది.

ఆ మూల ఇంటికి ఎడంగా ఉంది కనుక దాన్ని అట్లాగే వదిలెయ్యమన్నాను. ఒకటే గుట్ట, ఒకటే వాన. తేడా ఉంటే అదే తెలుస్తుంది. ఆనాటి నుంచి గొట్టాలకు అత్తే కాపలా. “జెర పక్కకు జరుగుండ్రి, అయి పనిచేస్తున్నయ్,” అని కిరాయివాళ్ళను అదిలించేది.

ఆషాఢంలో పెద్ద వాన పడింది. తెల్లవారి ఆదరాబాదరాగా వెళ్ళి చూస్తే, కుడి మూల పెరట్లో కుప్పగా పడి ఉంది. ఇంటి మీదికి ఉన్న భాగమంతా కదలకుండా నిలబడి ఉంది. గీకితే గోరే అరిగింది. ఇసుక గింజకూ గింజకూ నడుమ తెల్లని పలుచటి పొర. కళ్ళు లేవు, చేతులు లేవు, మనమున్నామన్న ఎరుకే లేదు. అటువంటి ప్రాణులు తమ బతుకు తాము బతుకుతూ ఒక ఆడమనిషి ఇంటిని నిలబెట్టాయి. ఎన్నో సభల్లో మహిమ అన్న మాటను ఎగతాళి చేసిన నోటికి ఆ పూట మరో మాట దొరకలేదు.

పక్కింటామె పసుపు కుంకుమ పట్టుకొచ్చింది. అత్త చెయ్యి అడ్డం పెట్టింది.

“మొక్కుడెందుకే, యూరియా తాగి కట్టినయ్. కావాల్నంటే ముట్టి సూడు.”

అత్త చివరిదాకా ఆ ఇంట్లోనే ఉంది. తర్వాత ఆ జాగా అపార్ట్‌మెంటుకు పోయింది. మెత్తటి మట్టిని ఒక్క పూటలో ఎత్తేసిన మిషను గట్టిపడ్డ ఆ గుట్ట భాగం దగ్గర చాలాసేపు తడుముకున్నదట. చూడటానికి నేను లేకపోయానే అన్న వెలితి ఇప్పటికీ ఉంది. ఈనాడు మహిమలకు కొదవ లేదు, ఫోనుల్లో పొద్దున్నే వచ్చి పడుతున్నాయి. ముట్టి చూడమనేవాళ్ళు మాత్రం ఈ మధ్య నాకెవరూ తగల్లేదు.