బయటికి రాని పందుల ఆట

చిన్నాయన విసిరిన ఇత్తడి చెంబు నా చెవి పక్కనుంచి దూసుకుపోయి గోడకు తగిలింది. సున్నం పెచ్చు ఊడి నా భుజం మీద పడింది. అప్పుడు నా చేతిలో ఒక పాత క్యాసెట్ ఉంది. చలి మొదలైందని, ఇనుప పెట్టెలోంచి దుప్పట్లు తియ్యమని చిన్నమ్మ చెబితే తీశాను. వాటి అడుగున దొరికింది. దాని మీద పెన్నుతో ‘పందులు’ అని రాసి ఉంది.

“ఇదేంది చిన్నాయనా, పాటల క్యాసెట్టా?” అని నవ్వుతూ అడిగాను. అంతే, చెంబు వచ్చింది.

“పెట్టు దాన్ని. పెట్టి బయటికి నడువు.”

పెట్టి బయటికి నడిచాను. మా ఇంట్లో ఆయన కోపం అందరికీ అలవాటే. ఒకసారి మనూర్‌లో అడ్డం ఆటో పెట్టి బస్సు ఎక్కనివ్వలేదని ఒక ఆటో డ్రైవర్‌ను కాలర్ పట్టి కిందికి గుంజి, మూతి పగలగొట్టి వచ్చాడు. వచ్చి ఏమీ జరగనట్టు కాళ్లు కడుక్కుని అన్నానికి కూర్చున్నాడు. కానీ నా మీద ఎప్పుడూ చెయ్యెత్తలేదు. బాపు పోయిన తర్వాత నన్ను చదివించింది ఆయనే. అందుకే ఆ చెంబు నన్ను భయపెట్టిన దానికంటే ఎక్కువ ఆలోచనలో పడేసింది.

నాకు నారాయణఖేడ్‌లో బస్ డిపో దగ్గర చిన్న కంప్యూటర్ రిపేరు దుకాణం ఉంది. రోజంతా వైరస్‌లు పట్టిన లాప్‌టాప్‌లు, పడిపోయిన ప్రింటర్లు. తీరిక దొరికితే నాకొక పిచ్చి ఉంది. వెనకటి రోజుల్లో ఇంట్లో టీవీకి తగిలించుకునే చిన్న కంప్యూటర్లు ఉండేవి. చూడ్డానికి కీబోర్డు తప్ప ఇంకేమీ కనిపించదు. వాటిలో ఆటలు క్యాసెట్ల నుంచి ఎక్కించేవాళ్లు. అలాంటి వాటి కోసం తయారై, ఏదో కారణంతో అమ్మకానికి రాకుండానే ఆగిపోయిన ఆటలు చాలా ఉన్నాయి. ఆ క్యాసెట్లు అటకల మీద బూజు పట్టి చచ్చిపోకముందే వెతికి, కాపీ చేసి దాచేవాళ్లు దేశదేశాల్లో ఉన్నారు. ఇంటర్నెట్‌లో వాళ్ల గుంపులో నేనూ ఒకదాన్ని.

చిన్నాయన వయసులో ఉన్నప్పుడు హైదరాబాద్‌లో అలాంటి కంప్యూటర్లు బిగించే చిన్న కార్ఖానాలో పని చేశాడని మాకు తెలుసు. ఆయన కుడిచేతి వేళ్లు రెండు వంకరపోయి ఎందుకున్నాయో కూడా తెలుసు. పెళ్లిళ్లలో మగవాళ్లు చుట్టూ చేరితే ఆయనే చెప్పేవాడు. పోటీ కంపెనీ రౌడీలు ఇనుప రాడ్లతో వచ్చి కార్ఖానా ధ్వంసం చేశారట. ఆయన ఒక్కడే అడ్డం నిలబడ్డాడట. వాళ్లు చెయ్యి విరగ్గొట్టారట. చెబుతున్నప్పుడు లేచి నిలబడి, ఎవరి తల ఎట్లా పగలగొట్టాడో చేసి చూపించేవాడు. కానీ ఆట ఒకటి తయారు చేశానని ఎన్నడూ అనలేదు.

చెంబు విసిరిన కొన్నాళ్లకు ఆయనే దుకాణానికి వచ్చాడు. క్యాసెట్ బల్ల మీద పడేశాడు.

“చూడు. నడుస్తదో లేదో.”

క్యాసెట్ విప్పి, బూజు తుడిచి, వేరే డబ్బాలోకి టేపు మార్చి పాత టేప్ రికార్డర్‌లో పెట్టాను. దాని వైరు కంప్యూటర్‌కు తగిలించాను. చెవులు చిల్లులు పడేట్టు కీచుమని శబ్దం. ఆ శబ్దమే ఆట. పాత మిషన్ దాన్ని ముక్కలు ముక్కలుగా విని లోపల పేర్చుకునేది. ఇప్పుడు ఆ పాత మిషన్‌లా నటించే సాఫ్ట్‌వేర్ ఉంది. శబ్దాన్ని దానికి అందించాను.

తెర మీద ఒక జొన్నచేను మొలిచింది. నడుమ మంచె. కింద ఇంగ్లిష్ అక్షరాల్లో ఒక మనిషి పేరు. అది చిన్నాయన పేరు కాదు.

ఆయన మెడ నరాలు ఉబ్బడం చూశాను. “ముందుకు పోనీ” అన్నాడు.

ముందుకు పోలేదు. చివరి ముక్కల దగ్గర టేపు నలిగిపోయి ఉంది. ఎన్నిసార్లు తిప్పినా అక్కడికి రాగానే తప్పు ఉందని చెప్పి ఆగిపోయేది. ఆయన కుర్చీ తన్ని వెళ్లిపోయాడు.

నేను ఆ తెర ఫోటోను మా గుంపులో పెట్టాను, ఇంకో కాపీ ఎవరి దగ్గరైనా ఉందా అని. బీదర్ నుంచి ఒకాయన జవాబు రాశాడు. తన దగ్గర అదే ఆట ఉందని, కానీ మొదటి భాగం చెడిపోయి ఎక్కడం లేదని. మా దాంట్లో చివర పోయింది, ఆయన దాంట్లో మొదలు పోయింది. రెండూ అతికిస్తే ఆట మొత్తం బతుకుతుంది.

చిన్నాయనకు చెప్పాను. ఆయన బీదర్ మనిషి పేరు అడిగాడు. చెప్పాను. తెర మీద ఉన్న పేరే అది.

“నేను గూడ వస్త” అన్నాడు.

“ఆయన నీకు తెలుసా?”

“తెల్సు.”

పొద్దున బస్సుకు ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని వచ్చాడు. పాత దోస్తులు కలుస్తున్నారని నేను సంబరపడ్డాను. ఒక కిలో మిఠాయి కూడా కట్టించుకున్నాను.

బీదర్‌లో ఇల్లు దొరకడం కష్టం కాలేదు. తలుపు తీసినాయన సన్నగా, కళ్లద్దాలు పెట్టుకుని ఉన్నాడు. మెడకు మఫ్లర్. నన్ను చూసి నవ్వాడు. నా వెనక చిన్నాయనను చూశాడు. నవ్వు అట్లాగే ఆగిపోయింది.

చిన్నాయన నన్ను పక్కకు నెట్టి ఎడమచేతి పిడికిలితో ఆయన ముఖం మీద గుద్దాడు. కళ్లద్దాలు పగిలిన చప్పుడు నాకింకా వినిపిస్తుంది. ఆయన వెనక్కి పడ్డాడు, ముక్కులోంచి రక్తం కారి మూతి మీదికి వచ్చింది. చిన్నాయన గడప దాటి మీదికి పోయి ఇంకోటి గుద్దాడు. నేను చొక్కా పట్టి గుంజితే చొక్కా చిరిగింది గానీ మనిషి కదల్లేదు. ఇద్దరికీ అరవై దాటాయి. అయినా కిందపడి ఉన్నాయన చేతికి అందిన స్టీలు బిందె తీసి చిన్నాయన నుదుటికేసి కొట్టాడు. కనుబొమ్మ చీలింది. తెల్ల చొక్కా ముందంతా ఎర్రబడింది. మిఠాయి డబ్బా కాళ్ల కింద నలిగింది. ఒకరి గొంతు ఒకరు పట్టుకుని, ఊపిరి అందక గురకలు పెడుతూ, నేల మీద దొర్లుతున్నారు.

లోపలినుంచి ఆయన భార్య వచ్చింది. “సాకు! సాకు!” చాలు, చాలు అని కన్నడంలో అరుస్తూ బకెట్ నీళ్లు ఇద్దరి మీద కుమ్మరించింది. అప్పటికి విడిపోయారు. రక్తమూ నీళ్లూ కలిసి గడప దాకా పారాయి.

“మీరు కొట్టించిన చెయ్యేనా మా చిన్నాయనది?” అని నేను ఆయన మీద అరిచాను. “రౌడీలను పంపింది మీరేనా?”

ఆయన ఆయాసపడుతూ నన్ను చూశాడు. “ఏ రౌడీలు?”

నేను చిన్నాయన వైపు తిరిగాను. ఆయన గోడకు ఆనుకుని నుదురు అదిమి పట్టుకున్నాడు, నా కళ్లలోకి చూడలేదు.

“ముందుగాల ఎవరు కొట్టిండ్రో నీ అన్న బిడ్డకు చెప్పినవా?” అంటూ ఇంటాయన తన మఫ్లర్ గుంజేశాడు. చెవి కింది నుంచి గొంతు దాకా తోలు ముడుచుకుపోయి, కాలిన మచ్చ. “సోల్డరింగ్ కడ్డీ. ఎర్రగ కాలింది. మెడ మీద పెట్టి అదిమిండు మీ చిన్నాయన.”

“నా ఆట అది!” చిన్నాయన గొంతు చించుకున్నాడు. “నా బాపు తొడకెల్లి కడుపు దాకా చీల్చిన పంది అది. చేన్ల పేగులు నేలకు తాకంగ నేను చూసిన. నీ పేరెందుకు పెట్టినవ్?”

“కథ నీది. బొమ్మ నాది. పంది ఉరుకుడు నాది. ప్రోగ్రాం సగం రాసింది నేను. కార్ఖానా సేటు తెల్లారి చూపియ్యమన్నడు. మిషన్ల జాగ లేకుండె, ఒక్క పేరే పట్టింది. తర్వాత సరిచేద్దమనుకున్న. ఒక్క మాట అడిగినవా నన్ను? అడగకుంట కాల్చినవ్.”

“షట్టర్ కింద నా వేళ్లున్నయని తెల్సి గుంజినవ్ నువ్వు.”

“తెల్సే గుంజిన.”

మిగతాది ఆయన భార్య నాకు చెప్పింది. తెల్లారి వచ్చిన సేటు రక్తం చూసి ఇద్దరినీ వెళ్లగొట్టాడు. ఆటను ఆపేశాడు. కొన్నాళ్లకు కార్ఖానా కూడా మూతపడింది. చెరొక కాపీతో ఇద్దరూ చెరొక ఊరికి పోయారు.

“వచ్చిన పని చేసుకుని పోండి” అందామె నాతో.

వెంట తెచ్చిన లాప్‌టాప్, టేప్ రికార్డర్ తీసి పెట్టాను. వైరు రెండుసార్లు జారింది. వాళ్లిద్దరూ ఎదురెదురు గోడలకు ఆనుకుని, తడిగుడ్డలు ముఖాలకు అదుముకుని కూర్చున్నారు. ఆ కీచుమనే శబ్దం మొదలుకాగానే ఇద్దరూ ఒక్కసారే తలెత్తారు. ఆయన క్యాసెట్‌లోని చివరి ముక్కలు తీసి మా ముక్కలకు అతికించాను. ఆట ఎక్కింది.

చేనులోంచి పంది వచ్చింది. అడ్డదిడ్డంగా కాదు, తల వంచి నేరుగా మనిషి మీదికి. మంచె దిగిన మనిషి బల్లెంతో పొడవాలి. ఒక్క పోటుకు చావదు. పొడిచే కొద్దీ ఎర్రటి చుక్కలు చేను మీద రాలతాయి, అవి చెరిగిపోవు. ఆట సాగే కొద్దీ జొన్నకర్రలన్నీ ఎర్రబడతాయి. గురి తప్పితే పంది కోర తొడలోకి దిగుతుంది, తెర మొత్తం ఎర్రగా మారి కాసేపు అట్లాగే ఉంటుంది. నా జీవితంలో చాలా ఆటలు చూశాను, అంత కటువైనది చూడలేదు.

“గా మూల మీదికెల్లి పంది రావద్దు” అన్నాడు చిన్నాయన, తెర మీదనుంచి చూపు తిప్పకుండానే.

“రావాలె. నువ్వే చెప్పినవ్, ఎన్కకెల్లి వచ్చిందని.”

చిన్నాయన తెర దగ్గరికి జరిగాడు. అక్కణ్నుంచి బీదర్ దవాఖానకు పోయి చిన్నాయన కనుబొమ్మకు కుట్లు వేయించి, నారాయణఖేడ్ బస్సెక్కాం.

జారిపడ్డాడని చిన్నమ్మకు చెబుతాడనుకున్నాను. చెప్పలేదు. నా ముందే, అన్నం కలుపుతూ, ఉన్నదంతా చెప్పేశాడు. చిన్నమ్మ చేతిలో గంటె పట్టుకుని నిలబడి విన్నది. ఆమె పెళ్లయిన నాటి నుంచి ఆ వంకర వేళ్లకు నువ్వులనూనె రాస్తూ, ఆ రౌడీల చేతులు పడిపోవాలని శాపనార్థాలు పెట్టిన మనిషి.

“ముందుగాల నువ్వే కాల్చినవా?”

“ఆ.”

గంటె ఆయన వీపు మీద పడింది. ఒక్కసారి కాదు. తర్వాత కంచం కాలితో నెట్టేసింది, అన్నం గోడ దాకా చిమ్మింది. “ఇన్నేండ్లు లేని రౌడీలను తిట్టిచ్చినవ్ నాతోటి” అని ఏడ్చింది. చెంబులు విసిరే మనిషి తల కూడా ఎత్తలేదు. కొన్ని రోజులు ఆ ఇంట్లో ఆయన అన్నం ఆయనే పెట్టుకుని తిన్నాడు.

ఆటను గుంపులో పెట్టే ముందు ఆయన దుకాణానికి వచ్చాడు.

“దాని మీద నా పేరు గూడ పెట్టు.”

“పెట్టను చిన్నాయనా.”

“ఏమన్నవ్?”

“దాచేటోళ్లు మార్చద్దు. ఎట్లున్నదో గట్లనే దాచాలె. మీరిద్దరు కలిసి చేసిండ్రని కింద రాస్త. లోపల మాత్రం చెయ్యి పెట్ట.”

ఆయన స్టూలు పైకెత్తాడు. ప్రింటర్ కోసం వచ్చిన మనిషి బయటికి ఉరికాడు. నాకు భయమేసింది, అయినా కుర్చీలోంచి లేవలేదు. స్టూలు గాల్లో కాసేపు ఉండి, మెల్లగా దిగింది. ఆయన దాని మీదే కూర్చున్నాడు.

“ఒకటి చెప్పు. వాడన్నది నిజమేనా? జాగ లేకుండెనా?”

నేను అప్పటికే చూసి ఉన్నాను. ఆట మొత్తం విప్పి చూస్తే ఒక మూల కొంచెం ఖాళీ ఉంది. ఇంకో పేరు పట్టేది. అబద్ధం చెబుదామా అని ఒక్క క్షణం అనిపించింది. బీదర్ బస్సు ఎక్కి మళ్లీ పోతాడేమోనని.

“ఉండె చిన్నాయనా. కొంచెం ఉండె.”

ఆయన రోడ్డు వైపు తిరిగాడు. డిపోలోంచి కంగ్టి బస్సు బయటికి వచ్చి హారన్ కొట్టుకుంటూ పోయింది.

“గప్పుడు గా మిషన్ సంగతి మాకేం ఎరుక” అన్నాడు. “ఎక్కడ ఏమున్నదో ఇద్దరికీ సక్కగ తెల్వకుండె. వానికీ తెల్వకపోవచ్చు.”

ఆ సాయంత్రమే ఆటను పెట్టేశాను. ఎక్కడెక్కడివాళ్లో దించుకుని ఆడారు. మొదటి పందినే దాటలేకపోతున్నామని తిట్టారు. ఆ తిట్లు తెలుగులో చెబితే చిన్నాయన మీసం దువ్వుకున్నాడు. “చేతగానోళ్లు” అని నన్ను లేపి నా కుర్చీలో కూర్చున్నాడు.

మొదటి పంది ఆయన తొడ చీల్చింది. మళ్లీ మొదలుపెట్టాడు, మళ్లీ చీల్చింది. బజారంతా వినబడేలా పందిని, పందిని కన్నదాన్ని తిట్టి, కీబోర్డు మీద పిడికిలితో గుద్దాడు. ఒక మీట ఎగిరి బల్ల కింద పడింది. వంగి వెతికి తీసి, ఊది, దాని చోట నొక్కి పెట్టాను. ఆయన అప్పటికే బల్లెం పట్టుకుని మంచె దిగుతున్నాడు.