మూడుసార్లు బెణికిన చీలమండ

2023 వానాకాలం. బరంపురంలో బడా బజార్ వెనక వీధిలో నా ఫిజియోథెరపీ క్లినిక్. వచ్చేవాళ్లంతా అరిగిన మోకాళ్లు, పట్టేసిన మెడలు, మూటలు మోసి వంగిపోయిన నడుములు. అందుకే పంతొమ్మిదేళ్ల గౌరి కుంటుకుంటూ వచ్చి, “స్కేట్‌బోర్డు మీంచి పడిపోనాను మేడం” అన్నప్పుడు లోపల్లోపల సంబరపడ్డాను. పైకి మాత్రం చీవాట్లే పెట్టాను.

గౌరిది రామయ్యపట్నం. ఇక్కడ హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది. తండ్రి అప్పన్న సముద్రం మీద చేపల వేటకు వెళ్తాడు. గౌరి నేర్చుకుంటున్నది ‘వన్-ఎయిటీ’. అంటే బోర్డుతో సహా గాల్లోకి లేచి, సగం చుట్టు తిరిగి, వెనక్కి మొహం పెట్టి దిగడం. దిగేటప్పుడు ప్రతిసారీ కాలు మెలిపడేది. చీలమండలో లిగమెంట్, అంటే ఎముకల్ని పట్టి ఉంచే పీచు, సాగిపోయింది. నయం చేసి పంపాను. మళ్లీ వచ్చింది. మూడోసారీ అదే కాలు, అదే చోటు. ఈసారి బ్యాలెన్స్ బోర్డు మీద, అంటే ఊగే చెక్క మీద, నిలబెట్టి నెలన్నర కసరత్తు చేయించాను. కాలు గట్టిపడింది గానీ నాకు మాత్రం పరువు పోయినట్టే ఉండేది.

చివరి రోజు అప్పన్న కూడా వచ్చాడు. చేతిలో గోనెసంచి, అందులో గౌరి స్కేట్‌బోర్డు.

“నాలుగోసారి పడిందంటే కాలు మిగల్దు డాక్టరమ్మా. దీన్ని ఇంటికి అట్టుకెలిపోతాను. ఏటంటారు?”

గౌరికి కళ్లనిండా నీళ్లు. ఆ బోర్డంటే ఆ పిల్లకు ప్రాణమని నాకు తెలుసు.

“తీసుకెళ్దురుగాని. ముందు ఒక్కసారి ఎగరనివ్వండి, తప్పెక్కడుందో చూస్తాను,” అన్నాను.

పెరట్లో సిమెంటు నేల మీద, బోర్డు లేకుండా ఎగరమన్నాను. నడుము తిరిగింది, కాళ్లు తిరిగాయి, తల మాత్రం మేకు కొట్టినట్టు ముందుకే ఉండిపోయింది. దాంతో ఒళ్లు సగంలో ఆగి, పాదం వంకరగా దిగింది. నా మీద నాకే ఒళ్లు మండింది. మూడుసార్లూ కాలే చూశాను, తల చూడలేదు!

“ముందు తల తిప్పు గౌరీ. వెనక్కి చూడు.”

“హౌ మేడం,” అంది ఒడియాలో, సరేనని. రెండుసార్లు ప్రయత్నించింది. తల కాస్త కదిలి మళ్లీ ముందుకే వచ్చేసింది.

“నా వల్ల కాదు మేడం. బయలెల్లినాక ఎనక్కి సూడకూడదు కదా?”

“ఎవరు చెప్పారు?”

“నాన్నే. వేటకెల్లీటప్పుడు ఆయన ఎనక్కి సూడడు. మేమెవరం ఎనకనించి పిలవం. సిన్నప్పట్నించీ అంతే.”

అప్పన్న సంచిలోంచి బోర్డు తీసి కూతురి ముందు పెట్టాడు. తను పోయి ఆమె వెనక, గోడవారన నిలబడ్డాడు. గౌరి బోర్డెక్కింది. పడితే పట్టుకుందామని నేను చేతులు చాచి పక్కనే ఉన్నాను. మోకాళ్లు వంచి పైకి లేచిందో లేదో, వీధంతా వినపడేలా కేక.

“అమ్మీ! గౌరీ!”

తల గిర్రున తిరిగింది. దాని వెంట భుజాలు, నడుము, బోర్డు. నాలుగు చక్రాలూ ఒక్కసారే నేలను తాకాయి. గౌరి తండ్రికి ఎదురుగా నిలబడి ఉంది. నాకు ఏడుపొచ్చింది. సిగ్గేమీ లేదు, వచ్చింది.

“పిలిసీసాను,” అన్నాడు అప్పన్న, తప్పు చేసినవాడిలా. “ఇది సంద్రం కాదు కదమ్మా?”

“కాదు బాబూ, సిమెంటు,” అన్నాను.

బోర్డు గౌరి దగ్గరే వదిలేసి, ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుని బస్సుకు వెళ్లిపోయాడు.

కట్టు కట్టడం, కసరత్తు చేయించడం నాకు వచ్చు. మనిషి ఇంట్లో ఏం నేర్చుకుని వచ్చిందో కూడా అడగాలని అప్పటిదాకా తోచలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. వెంట వచ్చినవాళ్లను బయట బెంచీ మీద కూర్చోబెట్టడం కూడా మానేశాను.