ఎవరి చేతికి ఏ రీలు

నా చిన్నప్పుడు కెనడాలోని కిచెనర్‌లో మేం అద్దెకున్న ఇంటి కిందివాటాలో ఒక నర్సు ఆంటీ ఉండేవారు. ఆవిడ గురించి ఎవరూ ఎక్కడా రాయలేదు. ఆవిడకు పిల్లలు లేరు, మా అమ్మానాన్నలు ఇప్పుడు లేరు. ఆవిడ నాకు నేర్పిన సంగతి పూర్తిగా తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే మిగిలాను. పైగా ఈ మధ్య మన తెలుగువాళ్ళ ఫిషింగ్ వాట్సాప్ గ్రూపులో, బాస్ చేపలు పట్టడానికి ఏ కంపెనీ రీలు, అంటే గాలం దారం చుట్టే చక్రం, కొనాలని కుర్రాళ్ళు రోజూ పోట్లాడుకుంటున్నారు. ఒకరు చదివిన రివ్యూ ఇంకొకరి మీద విసురుకుంటున్నారు. చివరికి అరవై దాటిన నన్ను తీర్పు చెప్పమన్నారు. నాలుగు ముక్కల్లో చెప్పడం చేతకాక ఇది రాస్తున్నాను.

అప్పుడు నాకు పన్నెండేళ్ళు. నాకు తెలిసిందంతా లైబ్రరీ చలవే. తెలుగు చదవడం కూడా తర్వాత్తర్వాత లైబ్రరీలోని రెండు అరల తెలుగు పుస్తకాలతో నాకు నేనుగా నేర్చుకున్నదే. ఆ మాట చెప్పుకోవడం నాకు ఇప్పటికీ గర్వమే. ఆ ఏడాది చలికాలమంతా చేపల వేట పత్రికల పాత సంచికలు ముందేసుకుని కూర్చున్నాను. కారణం ఆంటీ పడవ.

ఆంటీది నరసాపురం. గోదావరి ఒడ్డున పెరిగిన మనిషి, నీళ్ళు కనిపిస్తే ఆగేవారు కాదు. హాస్పిటల్ డ్యూటీ లేని రోజున చిన్న అల్యూమినియం పడవను కారు వెనక తగిలించుకుని, గంట దూరంలో ఉన్న లేక్‌కు ఒక్కరే వెళ్ళిపోయేవారు. ఆ రోజుల్లో మన ఆడవాళ్ళలో కారు నడిపేవాళ్ళే తక్కువ. ఆవిడ పడవ నడిపేవారు. జూన్ చివర్లో బాస్ సీజన్ తెరిచే రోజున, అంటే ఆ ఏటికి బాస్ వేటకు అనుమతి మొదలయ్యే రోజున, నన్ను తీసుకెళ్ళమని బతిమాలాను. ఆవిడ ఒకటే షరతు పెట్టారు. పెరట్లో బట్టల తొట్టి పెట్టి, ఇరవై అడుగుల దూరం నుంచి కొక్కెం లేని సీసపు గుండును పదిసార్లలో కనీసం ఎనిమిదిసార్లు అందులో వెయ్యాలి. లేకపోతే పడవ ఎక్కనివ్వరు. గాలం కొక్కేలు గుచ్చుకుని హాస్పిటల్‌కు వచ్చేవాళ్ళకు కట్లు కట్టేది ఆవిడే కాబట్టి ఆ విషయంలో మొహమాటం లేదు.

ఆంటీ తన పాత గాలపు రాడ్డు, రీలు నాకు ఇచ్చారు. నేను విసిరితే గుండు తొట్టిలో తప్ప అన్నిచోట్లా పడేది. విసిరేటప్పుడు గిర్రున తిరిగే చక్రాన్ని విసిరిన చేతి బొటనవేలితో సమయానికి ఆపాలి. నా వేలు ఎప్పుడూ ఆలస్యం. దారం పిచ్చుక గూడులా చిక్కుపడిపోయేది. తప్పు రీలుదే అని తేల్చేశాను. నాన్న నా పుట్టినరోజుకు కొత్త రీలు కొనిస్తానన్నారు. కాకపోతే కొన్నాక మార్చమంటే కుదరదు, బాగా ఆలోచించుకోమన్నారు.

ఆలోచించడం అంటే నాకు పండగ. పోటీ రెండు కంపెనీల మధ్య. వాటి అభిమానులు ఇప్పటికీ కత్తులు దూసుకుంటున్నారు కాబట్టి పేర్లు చెప్పను. ఒకటి నీలం డబ్బా, ఒకటి ఆకుపచ్చ డబ్బా. పత్రికలన్నీ నీలం డబ్బా కొత్త రీలును ఆకాశానికెత్తాయి. దాని తిప్పుడు పిడి ఎడమవైపు ఉంటుంది. కుడిచేత్తో విసిరి, రాడ్డు చెయ్యి మార్చుకోకుండా ఎడమచేత్తో చుట్టుకోవచ్చు. ఆకుపచ్చ డబ్బాది ఆంటీ రీలు లాగే పాత పద్ధతి, పిడి కుడివైపు. విసిరాక రాడ్డు చెయ్యి మార్చుకోవాలి, ఆ క్షణంలో చేప తప్పించుకుంటుంది. నోట్‌బుక్‌లో పదకొండు పేజీలు రాసి, నీలం డబ్బా గెలిచిందని కింద గీత గీశాను.

ఆ నోట్‌బుక్ ఆంటీకి చూపించాను. ఆవిడ శ్రద్ధగా ప్రతి పేజీ చదివారు. నవ్వలేదు. వందసార్లు విసిరి వాచిన నా కుడి మణికట్టు కేసి చూసి, "చెయ్యి ఇలా ఇయ్యి" అన్నారు. తన పెట్టెలోంచి అసలైన హాస్పిటల్ కట్టు తీసి, వేళ్ళు మాత్రం బయటికి వదిలి, మణికట్టు కదలకుండా చుట్టేశారు. తర్వాత నన్ను వెంటబెట్టుకుని మేడమీదికి వచ్చి మా అమ్మతో చెప్పారు.

"వారం రోజులు ఈ చేత్తో ఏ పనీ చేయించకమ్మాయ్. వేళ్ళు ఆడించుకుంటే చాలు."

"అయ్యో, మరి అన్నం ఎలా తింటుందండీ?"

"రెండో చెయ్యి ఉందిగా. దేవుడు ఊరికే ఇచ్చాడా?"

"ఎడం చేత్తోనా!"

"నర్సు నువ్వా, నేనా?"

మా అమ్మ నోరు మూతపడటం నేను చూసిన అతి కొద్ది సందర్భాల్లో అది ఒకటి. మా ఇంట్లో ఎడమచెయ్యి అంటే అన్నానికి, పుస్తకానికి, ప్రసాదానికి పనికిరానిది. నాకు మూడేళ్ళప్పటి నుంచి చెంచా ఎడమచేతికి వెళ్ళినప్పుడల్లా అమ్మ మెల్లగా తీసి కుడిచేతిలో పెట్టేదట. పన్నెండేళ్ళకు నాకు ఆ సంగతే గుర్తులేదు.

ఆ వారం పెరట్లో ఎడమచేత్తో విసిరాను. మొదటి గుండు తొట్టి అంచుకు తగిలింది. మూడోది లోపల పడింది. బొటనవేలు ఎవరో చెప్పినట్టు సమయానికి చక్రం మీద వాలేది. విసిరాక కట్టులోంచి బయటికున్న కుడివేళ్ళతో పిడి తిప్పుకునేదాన్ని. చెయ్యి మార్చుకునే పనే లేదు. గురువారంనాటికి అర్థమై, మెట్ల మీద కూలబడి నోట్‌బుక్ తెరిచాను. పదకొండు పేజీలూ ఒకే ప్రశ్నకు జవాబు: కుడిచేత్తో విసిరేవాడికి ఏది మంచిది? నేను కుడిచేత్తో విసిరేదాన్నే కాదు. పత్రికలన్నీ వంకపెట్టిన ఆకుపచ్చ డబ్బాయే నా చేతికి చేసినట్టుంది.

పరుగెత్తుకెళ్ళి, "ఆంటీ, హౌ డిడ్ యూ నో?" అని అడిగాను.

"దారం చిక్కులు ఏ చేత్తో విప్పుతున్నావో నెల్లాళ్ళుగా చూస్తున్నా."

"మరి నేను చదివిందంతా తప్పా?"

"తప్పెందుకవుతుంది? ఆ రాసినాయన నీ చెయ్యి చూళ్ళేదు, అంతే."

శనివారం పరీక్ష. అమ్మానాన్నలు వెనక మెట్ల మీద నిలబడ్డారు. ఆంటీ కట్టు విప్పారు. నాన్న వెంటనే, "చెయ్యి తగ్గిందిగా, ఇక కుడిచేత్తో వెయ్యి" అన్నారు. కాదనడానికి నాకు ధైర్యం చాలలేదు. కుడిచేత్తో విసిరాను. గుండు వెళ్ళి మా అమ్మ ఆరేసిన దుప్పటికి తగిలింది. రెండోది నాన్న టొమాటో మొక్కల్లో పడింది. ఇంకొక్కటి తప్పితే పడవ నన్ను వదిలేసి వెళ్ళిపోతుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆంటీ నాన్న వైపు తిరిగారు. "ఏవండీ, ఈ చేత్తో విసిరితే రేపు ఎవరి చెవికో కుట్లు వెయ్యాల్సింది నేనే. ఆ చేత్తో వెయ్యనివ్వండి, నాకు ఒక్కపూటైనా సెలవు దొరుకుతుంది."

నాన్నకు నవ్వొచ్చింది. నవ్వు ఆపుకుంటూనే నాకేసి తలూపారు. రాడ్డు ఎడమచేతిలోకి మార్చుకున్నాను. మిగిలిన ఎనిమిదీ తొట్టిలో పడ్డాయి. ఎనిమిదోది పడ్డాక అమ్మ లోపలికి వెళ్ళిపోయింది. కోపం వచ్చిందనుకున్నాను. కాసేపటికి పళ్ళెంలో జంతికలు తెచ్చి నా ముందు పెట్టింది. ఏ చేత్తో తీసుకుంటానా అని చూడలేదు.

ఆ సాయంత్రమే షాపుకు వెళ్ళాం. అమ్మే అతను నీలం డబ్బా తీసి, పాపకు ఇదే బెస్ట్, చెయ్యి మార్చుకోనక్కర్లేదు అంటూ నేను చదివిన వాక్యాలే అప్పజెప్పాడు. నేను నోరు తెరిచేలోపు నాన్న అన్నారు: "నో. మై డాటర్ ఈజ్ లెఫ్ట్ హ్యాండెడ్." అప్పటిదాకా ఆ మాట ఇంట్లో కూడా అనని మనిషి, షాపులో పదిమంది ముందు, మా అమ్మాయి క్లాసు ఫస్టు అన్నంత దర్జాగా అన్నారు.

సీజన్ తెరిచిన రోజున పడవలో ముందు సీటు నాది. జానెడు బాస్ ఒకటి పడింది. కొలిచి వదిలేశాం.

నేను చదవడం మానలేదు. ఇంకా ఎక్కువ చదివాను. కానీ ఆ తర్వాత ఏ పుస్తకం తెరిచినా, ఏ సలహా విన్నా, ఇది ఎవరి చెయ్యి చూసి చెప్పిన మాట అని ముందు అడుగుతాను. మా అమ్మాయి అందరి పిల్లల్లా కంప్యూటర్లు కాకుండా వెల్డింగ్ నేర్చుకుంటానన్నప్పుడు, వద్దనే ముందు వెళ్ళి అది పనిచేస్తుంటే గంటసేపు చూసి వచ్చాను. చూశాక వద్దనాలనిపించలేదు. కాబట్టి గ్రూపులోని బాబుల్లారా, ఏ కంపెనీ అని నన్ను అడక్కండి. ఓ ఆదివారం లేక్ దగ్గరికి రండి, మీరు విసరడం చూస్తాను.

ఇది రాయమని వెంటపడిన కిరణ్‌కు, తొట్టి నీలిరంగుది కాదు, పసుపుదని పట్టుబట్టిన మా చెల్లెలు సుశీలకు, నా అచ్చుతప్పులు దిద్దిన లైబ్రరీ పద్మజ గారికి కృతజ్ఞతలు. ఇంతసేపూ కిందివాటా ఆంటీ అనే రాశాను, ఆవిడను మేం అలాగే పిలిచేవాళ్ళం. ఆవిడ పేరు సువార్తమ్మ గారు. సువార్తమ్మ గారూ, మీకు నా నమస్కారం.