నా జుట్టు పొడవు, పొట్టేలు ఆయుష్షు

తెలంగాణ వచ్చిన కొత్తలో ప్రతి ఇంట్లో ఏదో ఒక కొత్త లెక్క నడుస్తుండేది. మా ఇంట్లో నా జుట్టు లెక్క నడిచింది. అప్పుడు నేను తొమ్మిదో తరగతి. తల తడిస్తే జుట్టు నడుము దాకా దిగేది. ఆరితే ఉంగరాలు చుట్టుకుంటూ భుజాల మీదికి ఎక్కి కూర్చునేది. ఉంగరాల జుట్టు తీరే అంత, పొడవు ఎక్కడికీ పోదు, మెలికల్లో దాగి ఉంటుంది అని తర్వాత ఎక్కడో చదివాను. ఆ రోజుల్లో నాకు తెలిసిందల్లా ఆ పొడవు మీద ఒక పొట్టేలు ప్రాణం ఆధారపడి ఉందని. నా మూడో ఏట తలంతా పుండ్లు లేచి వెంట్రుక నిలవకపోతే అవ్వ (మా బాపు తల్లి; ఆత్మకూర్ దగ్గరి పల్లెలో గొర్లు కాసే ఇల్లు మాది) ఎల్లమ్మకు మొక్కింది: "పిల్ల జుట్టు నడుము ముట్టిన్నాడు నీకు పొట్టేలునిస్త తల్లీ." మొక్కు పాతదే గానీ పొట్టేలు కొత్తది. పుట్టిన రోజే తల్లి చచ్చిపోతే దానికి సీసాతో పాలు పట్టి పెంచింది నేను, పసుపు రాసి మొక్కుకు విడిచింది అవ్వ. దాన్ని సర్పంచ్ అని పిలిచేదాన్ని (ఎవరొచ్చినా దారి ఇచ్చేది కాదు).

చిన్నాయన షాద్‌నగర్‌లో కంపెనీ డ్యూటీ చేసేవాడు. ఆదివారం ఊరికొస్తే ఆయనకు భక్తి కలిగేది. అది ఎల్లమ్మ మీదో, మాంసం మీదో నేను అడగలేదు. అలాంటి ఒక ఆదివారం నేను తలస్నానం చేసి వాకిట్లోకి రాగానే "అమ్మా, ఇగో జూడు! ముట్టింది, నడుము ముట్టింది!" అని కేకేశాడు. అవ్వ వచ్చి నా వెనక నిలబడి వేలు పెట్టి చూసింది. నిజంగానే ముట్టింది. "ఆరినంక జూడు అవ్వా, ముట్టదు" అన్నాను ఏడుపు గొంతుతో. "ఎంటిక ఎంటికెనే బిడ్డా, ఆరితె తెగిపోతదా?" అన్నాడు చిన్నాయన. (ఆ మాట పూర్తిగా నిజం. అందుకే అంత కోపం వచ్చింది.)

మళ్లీ ఆదివారానికల్లా ప్రయాణం కట్టారు. పొద్దున్నే నాకు తలంటి, ట్రాలీ ఆటోలో నన్నూ సర్పంచ్‌నూ పక్కపక్కన ఎక్కించారు. దారి పొడవునా ఎండ, గాలి. నేను జడ విప్పి గాలికి పట్టాను. గుడి దగ్గర దిగేసరికి నా జుట్టు మొత్తం మెడ చుట్టూ చేరిపోయింది. పూజారి తాత మొక్కు సంగతి విని, నా వెనక్కి వచ్చి చూసి, "జుట్టు ఏడున్నదిరా?" అన్నాడు. "గీడనే ఉన్నది తాతా, ముడుసుకున్నది" అని చిన్నాయన ఒక పాయ పట్టి నడుము దాకా గుంజాడు. వదలగానే అది పైకి పోయింది. మళ్లీ గుంజాడు. మళ్లీ పోయింది. తాతకు ముచ్చటేసి తనూ ఒకసారి గుంజి చూశాడు. ఇక లాభం లేదని చిన్నాయన బిందెడు నీళ్లు తెచ్చి నా తలమీద గుమ్మరించాడు. సరిగ్గా అప్పుడే తాత పొట్టేలు మీద నీళ్లు చల్లాడు. నీళ్లు పడ్డాక పొట్టేలు ఒళ్లు విదిలిస్తే దేవత ఒప్పుకున్నట్టు. సర్పంచ్ కదలలేదు. చలికి నేను విదిలించాను. "అరె, నువ్వు కాదు బిడ్డా, అది ఇదిలియ్యాలె!" అన్నాడు తాత ముఖం తుడుచుకుంటూ.

అవ్వ చేతిలోని కొబ్బరికాయ కింద పెట్టింది. దగ్గరికొచ్చి నా జుట్టు పిండి, అరచేతిలో పడ్డ నీళ్లు చూసింది.

"మనం ఎన్నడన్న ఉన్ని తడిపి అమ్మినమారా?"

"గిప్పుడు ఉన్ని ముచ్చట ఎందుకమ్మా?"

"తడి ఉన్ని తూకానికి పెట్టనియ్యలే మీ నాయిన, బతికున్నన్ని దినాలు. షావుకారినే మోసం జెయ్యలే, ఎల్లమ్మకు తడి లెక్క జెప్తనా? ఎండినంక ముట్టాలె. అప్పుడిస్త."

"ఎండితె ఈ జన్మల ముట్టదమ్మా!"

"ముట్టకుంటె ముట్టకపాయె. ఆమెకేం తొందర లేదు. నీకే ఉన్నది."

కొబ్బరికాయ కొట్టి, ఎక్కించిన ఆటోలోనే మా ఇద్దరినీ ఇంటికి తీసుకొచ్చారు. ఆ తర్వాత ఆరు నెలలకోసారి అవ్వ చూడకుండా గొర్ల కత్తెరతో కొసలు కత్తిరించుకునేదాన్ని. ఆరినా ఎక్కడ నడుము ముడుతుందోనని నా భయం. వెతికినప్పుడల్లా ఆ కత్తెర గూట్లో పదును పెట్టి ఉండేది. అవ్వకు ఏమీ తెలియదనే చాలా ఏళ్లు అనుకున్నాను.

సర్పంచ్ ముసలిదై, ఒక మధ్యాహ్నం నీడలో పడుకుని మళ్లీ లేవలేదు. రెండేళ్లకు అవ్వ పోయింది. పదోనాడు ఆడవాళ్లందరం తలస్నానాలు చేసి వచ్చాం. నా జుట్టు నడుము దిగి నీళ్లు కారుతోంది. చిన్నాయన చూశాడు. ఏడ్చి ఏడ్చి ఆయన కళ్లు వాచి ఉన్నాయి. నన్ను పక్కకు పిలిచి, భుజం మీది తువ్వాల తీసి చేతిలో పెట్టి, "జల్ది తుడుసుకో బిడ్డా, పూజారి తాత వచ్చిండు" అన్నాడు మెల్లగా.

కొట్టంలో పొట్టేలే లేదు. అయినా, ఉద్యోగం చేసుకుంటున్న మనిషిని, గోడ చాటుకు పోయి కొసలు భుజాల మీదికి ఎక్కేదాకా తుడుచుకున్నాను. ఆ పది రోజుల్లో నాకు నవ్వు వచ్చింది అక్కడే.