నాయన వదిలిన గరుకు గిన్నెలు

నాయన పోయినప్పుడు నేను ఏడవలేదని మా మేనత్త ఇప్పటికీ నలుగురిలో చెప్తుంది. నిజమే, ఏడవలేదు. దీపావళికి ముందు వారం తట్టాంచావడిలో తన పని షెడ్డులో టీ తాగుతూ బల్ల మీద కూర్చున్న మనిషి గోడకి ఆనుకుని అట్లాగే ఉండిపోయాడు. పక్క షెడ్డు వాళ్ళు నాకు ఫోన్ చేశారు. నేను లాస్‌పేటలో ఒక కాలేజీ ల్యాబ్‌లో సామాను కడిగి సర్దే ఉద్యోగం చేస్తాను. ఫోన్ పెట్టేసి, సింకులో ఉన్న గాజు సామానంతా కడిగి బోర్లించి, తలుపు తాళం వేసి బయల్దేరాను. అదంతా ఎందుకు కడిగానో తెలియదు. కడగకపోతే ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు.

ఆ తర్వాత జరగవలసినవన్నీ జరిగాయి. జనం వచ్చారు, ఏడ్చారు, తిన్నారు, పోయారు. దుఃఖం లోపల గడ్డకట్టిందని కొందరు, ఇది రాతిగుండె అని కొందరు తేల్చారు. రెండూ కాదనుకుంటాను. పళ్ళ డాక్టరు సూది వేశాక పెదవి మీద వేలు పెడితే మన పెదవి మనది కానట్టు ఉంటుంది చూడండి, అట్లా ఉండేది నాకు. నొప్పి లేదు. అసలు ఏమీ లేదు.

నాయనది కడసల్ పని. తిరిగే లేత్ మీద చెక్కని బిగించి, ఉలి ఆనించి గుండ్రంగా చెక్కడాన్ని మా ఊళ్ళో అట్లా అంటాం. ఏడాది పొడుగునా మంచం కోళ్ళు, చపాతీ కర్రలు, మెట్ల పక్కన నిలబెట్టే చెక్క కమ్మీలు. డిసెంబరు దగ్గరపడిందంటే మాత్రం ఆయన వేరే మనిషి అయిపోయేవాడు. బీచి వైపు ఒక బడి ఆవరణలో క్రిస్మస్ సంత పెడతారు. అందులో మాకొక బల్ల ఉంది. చిన్న గంటలు, కొవ్వొత్తి స్టాండ్లు, క్రిస్మస్ చెట్టులా పైకి కోసుగా పోయే బొమ్మలు చేసేవాడు. వాటన్నిటికంటే ముఖ్యం గిన్నెలు. కేకు ముక్కలు పెట్టుకోవడానికని, పళ్ళు పోసుకోవడానికని కొనేవాళ్ళు. ఆ గిన్నెల కోసమే వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు ఉన్నారు.

బల్ల దగ్గర కూర్చునేది అమ్మ. నాయనకి బేరం చేతకాదు. ఎవరైనా బాగుందంటే చాలు, సిగ్గుతో మెలికలు తిరిగి, ఊరికే ఇచ్చేసేలా ఉండేవాడు. అమ్మ అట్లా కాదు. ఎవరు కొంటారో, ఎవరు పట్టుకు చూసి పోతారో ముఖం చూసి చెప్పేది. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, సంతలో ఏది పనికొస్తే అది మాట్లాడేది. ఏడాది మొత్తం మీద ఆమె తనకోసం ఇల్లు దాటేది ఆ కొన్ని రోజులే.

కర్మ అయిన కొన్నాళ్ళకి సంత వాళ్ళు ఫోన్ చేశారు. ఈసారి బల్ల ఉంచమంటారా, వేరేవాళ్ళకి ఇవ్వమంటారా అని అడిగారు. ఒక్క ఏడు వదులుకుంటే మళ్ళీ దొరకదు, వెనక చాలామంది కాచుకుని ఉంటారు. నేను వద్దని చెప్పబోతుంటే అమ్మ ఫోన్ లాక్కుని వస్తామని చెప్పేసింది.

ఇది మేనత్తకి మింగుడుపడలేదు. మనిషి పోయిన ఇంట్లో ఏడాది తిరిగేదాకా పండగ లేదు. దీపావళికి మా గడపలో దీపం పెట్టలేదు, బాణలి పొయ్యెక్కలేదు. పక్కిళ్ళవాళ్ళే పలహారం తెచ్చి ఇచ్చారు. అమ్మ ఎవరింటి శుభానికీ పోకూడదు. అట్లాంటిది రంగుదీపాల కింద అంగడి పెట్టుకుని కూర్చోవడం ఏమిటని అత్త గట్టిగానే అడిగింది. అమ్మ తల కూడా ఎత్తలేదు.

"అది మన పండగ గాదు గదా వదినా."

మన పండగ అయితేనే కదా తప్పు. పాటింపుల్లో అట్లాంటి సందు ఒకటి ఉందని నాకూ అప్పుడే తెలిసింది. అది నవ్వు రావలసిన చోటని నాకు అర్థమైంది. నవ్వు మాత్రం రాలేదు.

సరే, బల్ల ఉంది, మరి బల్ల మీద పెట్టడానికి ఏముంది? మెట్ల కింద గోనెసంచుల్లో గిన్నెలు ఉన్నాయి. అంతకుముందు ఏడు పుయల్ వచ్చినప్పుడు, తుఫానుని మా ఊళ్ళో పుయల్ అంటాం, మా వీధి చివర ఒక పెద్ద నిద్రగన్నేరు చెట్టు గోడ మీద పడిపోయింది. మొద్దులు ఎత్తే లారీవాళ్ళని బతిమాలి నాయన కొన్ని మా గుమ్మంలో దింపించుకున్నాడు. పచ్చిచెక్కతో గిన్నె ఒకేసారి పూర్తి చేస్తే బీటలు వారుతుంది. అందుకని ముందు మందంగా, గరుకుగా గిన్నె ఆకారం మాత్రం తీసి, ఆ చెక్క పొట్టులోనే పూడ్చి, సంచి మూతి కట్టి నెలల తరబడి ఆరనివ్వాలి. నాయన అంతవరకు చేసిపెట్టి పోయాడు.

అమ్మ సంచులు విప్పి, ఒక్కొక్క గిన్నెనూ కొంగుతో తుడిచి నేల మీద వరసగా పెట్టింది. తర్వాత వాటి ఎదురుగా కూర్చుంది.

"మీ నాయన చేసి పెట్టేసే పోయినాడు. ఇంక ఉప్పుకాగితం పట్టించి రుద్దితే సరిపోతాది గదా" అంది. "ఆయన చేతి గిన్నెలు ఈ ఒక్కసారి జనం ఇండ్లకి పోవాల. మెట్ల కింద చెదలు తినేదానికా ఆయన చేసింది?"

సరేనన్నాను. అమ్మ ఎప్పుడూ షెడ్డు గడప తొక్కింది లేదు. పూర్తయిన గిన్నెలు ఇంటికి వస్తే మైనం పట్టించి మెరుగు పెట్టడం ఒక్కటే ఆమె పని. మధ్యలో ఏం జరుగుతుందో ఆమెకి తెలియదు. నాకు తెలుసు. చిన్నప్పట్నుంచీ ఆదివారాలు నాయన పక్కన నిలబడి ఆ పని నేర్చుకున్నదాన్ని. ఆరేకొద్దీ చెక్క ముడుచుకుని, గుండ్రటి గిన్నె కాస్తా కోడిగుడ్డులా వంకర పోతుంది. దాన్ని మళ్ళీ లేత్‌కి బిగించి లోపలా బయటా చెక్కితేనే గుండ్రం అవుతుంది. మొదట అంత మందం వదిలేది అందుకే. అంటే నాయన ఉలి తాకిన ప్రతిచోటునీ నా ఉలి తీసెయ్యాలి. గిన్నె పూర్తయ్యేసరికి ఆయన చెక్కినది ఒక్క గీత కూడా మిగలదు. పూర్తి చెయ్యకపోతే అది బల్ల మీద సరిగ్గా నిలబడదు, ఎవరూ కొనరు, అమ్మ సంతకి పోవడమూ ఉండదు.

ఈ సంగతి అమ్మతో చెప్పాలా వద్దా అని ఎన్నో విధాల మథనపడ్డానని రాస్తే బాగుంటుంది. పడలేదు. నోరు తెరిచి అంత మాట చెప్పే ఓపిక లేక ఊరుకున్నాను. మా ఇంట్లో తెలుగు చదవడం, రాయడం వచ్చింది నాకొక్కదానికే. కాబట్టి ఈ రాత అమ్మ కంటపడినా ఫరవాలేదు.

కాలేజీ అయ్యాక సాయంత్రాలు షెడ్డుకి పోయేదాన్ని. మా ఆయన స్కూటరు మీద సంచులు చేరవేసి, తలుపు తీసి, నన్నొకసారి చూసి వెళ్ళిపోయేవాడు. ఏం మాట్లాడాలో ఆయనకీ తెలియదు పాపం. మొదటి గిన్నె బిగించి లేత్ వేయగానే అది తాగినవాడిలా ఊగింది. ఉలి ఆనిస్తే ఎత్తుగా ఉన్నచోటే తగిలి టకటకలాడుతుంది, మిగతా చోట గాలి. తీస్తూ పోతే కాసేపటికి ఆ చప్పుడంతా కలిసి ఒకటే రొద అవుతుంది. అప్పుడు ఆపి చూశాను. సగం పాత రంగు, సగం కొత్త రంగు. పాతది మసకగా, నాయన ఉలి గీతలతో ఉంది. కొత్తది తేనెరంగులో ఉంది, అది నాది. ఇంకో రెండుసార్లు ఉలి పోనిచ్చాక అంతా నాదే అయింది. తీసి పక్కన పెట్టి ఇంకోటి బిగించాను.

ఒక గిన్నె దగ్గర మాత్రం ఆగాను. అది పెద్దగా వంకర పోలేదు. లోపల అడుగున రూపాయి బిళ్ళంత మేర ఆయన గీతలు మిగిలిపోయాయి. అంతవరకు వదిలేద్దామనుకున్నాను. వేలితో తడిమి చూస్తే అక్కడ చిన్న ఎత్తు తగులుతోంది. తెలిసినవాళ్ళు చూస్తే పని చేతకానివాళ్ళు చేశారంటారు. నాయనే ఉంటే గిన్నెని నా ముఖం ముందు పెట్టి, దీన్ని ఇట్లా ఎవరికి అంటగడదామని అడిగేవాడు. ఆయనకి కోపం వచ్చేది అట్లాంటివాటికే. మళ్ళీ లేత్ వేశాను. అది పోవడానికి ఎంతోసేపు పట్టలేదు. ఇప్పుడైనా ఏదో అనిపిస్తుందేమోనని కాసేపు నిలబడి చూశాను. బయట ఎవరిదో లోడు ఆటో కూత పెడుతూ వెనక్కి వస్తోంది. నాకు ఆకలి వేసింది. వీధి చివర టీ కొట్టులో బజ్జీలు తిని ఇంటికి పోయాను.

ఇంట్లో అమ్మ మైనం కరిగించి, పాత పంచె ముక్కతో ఒక్కొక్క గిన్నెకీ పట్టించింది. లోపల వేళ్ళు తిప్పుతూ, ఎంత నున్నగా తీసినాడో చూడు అని నాతో అనేది. నేను తలాడించేదాన్ని. నాయన పోయాక ఆమె ముఖంలో కాస్త కళ కనిపించింది అప్పుడే. అబద్ధం మోస్తున్నానన్న బాధ ఉండేదా అంటే, అదీ లేదు. అందరూ భోంచేశారా, తలుపులు వేశారా అని చూసుకుని పడుకునేదాన్ని. నిద్ర బాగానే పట్టేది.

సంతలో ఆ ఏడు కూడా అన్నీ మామూలుగానే ఉన్నాయి. తోరణాలు, వెలిగే నక్షత్రాలు, ద్రాక్షపళ్ళు వేసిన కేకులు, పశువుల పాక బొమ్మలు. మధ్యలో బొట్టు లేని ముఖంతో అమ్మ. ఎప్పుడూ వచ్చేవాళ్ళు నాయన ఏడని అడిగారు. అమ్మ చెప్పింది. వాళ్ళు అయ్యో అన్నారు. తర్వాత అమ్మ ఒక గిన్నె తీసి వాళ్ళ చేతుల్లో పెట్టి, ఇవి ఆయన చేసినవే, పోయేముందు చేసిపెట్టినవి అని తమిళంలో చెప్పేది. కొందరు ఆ మాటకే కొన్నారు. నేను వెనక కుర్చీలో కూర్చుని పేపర్లలో చుట్టి ఇచ్చేదాన్ని. పక్క బల్ల వాళ్ళు అమ్మకి కేకు ముక్క పెడితే తినింది. ఇంట్లో ఎవరెంత బలవంతం చేసినా రెండు ముద్దలు దాటని మనిషి, ఇంకో ముక్క కూడా తినింది. బల్ల వదులుకోకపోవడం మంచిదే అయిందనుకున్నాను.

చివరి రోజు సాయంత్రం ఒక పెద్దావిడ వచ్చింది. భర్తలు ఫ్రెంచి సైన్యంలో పనిచేసినందుకు ఆ దేశం నుంచి పింఛను వచ్చే ఇళ్ళు మా ఊళ్ళో చాలా ఉన్నాయి. అట్లాంటి ఇంటి మనిషి. ఏడాదికొక గిన్నె కొనడం ఆవిడకి అలవాటు. చూపు సరిగ్గా ఆనదు, వేళ్ళతోనే చూస్తుంది. అమ్మ మంచి గిన్నె ఒకటి ఏరి ఆవిడ చేతుల్లో పెట్టి, అందరికీ చెప్పినట్టే చెప్పింది. ఆవిడ అంచు కింద బొటనవేలు పోనిచ్చి మెల్లగా చుట్టూ తిప్పింది. ఇంకోసారి తిప్పింది. తర్వాత తమిళంలో, మర్యాదగానే, ఇది ఆయన చేసింది కాదంది. ఆయన అంచు కింద వేలు ఆనేందుకు సన్నటి గాడి పెడతాడట. తన ఇంట్లో ఉన్న గిన్నెలన్నిటికీ ఉందట. పైగా ఇది పలచగా ఉంది, ఆయనది ఇంకాస్త బరువు. ఎవరు చేసినా బాగా చేశారు, ఆయన మాత్రం కాదు అంది.

ఆ గాడి సంగతి నాకు తెలుసు. వంకర తీసేసరికి అంచు సన్నబడిపోయి, గాడి పెడితే విరిగేలా ఉంది. అందుకే పెట్టలేదు.

అమ్మ నా వైపు తిరిగింది. పెద్దావిడకి అర్థం కాకూడదని తెలుగులో అడిగింది.

"ఆయమ్మ చెప్పేది ఏంది? మీ నాయన చేసినవే గదా ఇవి?"

"పచ్చిలో చేసింది నాయనే. ఆరినాక వంకర పోతాయమ్మా. మళ్ళీ చెక్కాల."

"ఎంత చెక్కినావు?"

"అంతా."

"ఆయన చేసింది యాడా లేదా దీంట్లో?"

"లేదమ్మా."

అమ్మ పెద్దావిడ చేతుల్లోంచి గిన్నె తీసుకుని, తనూ అంచు కింద వేలు పోనిచ్చింది. ఇన్నేళ్ళు ఆ గాడిలో మైనం దిద్దిన వేలు అది. ఈసారి మైనం పట్టించేటప్పుడు గాడి లేదని దానికి తెలియకుండా ఉంటుందా? తెలిసే ఉంటుంది. నేను చెప్పే ఓపిక లేక ఊరుకున్నట్టే, ఆమె అడిగే ఓపిక లేక ఊరుకుందేమో. ఆ మాట ఇప్పటిదాకా నేను అడగలేదు.

పెద్దావిడ తప్పుగా మాట్లాడానేమోనని నొచ్చుకుని, పోనీలే, ఇంతకీ ఎవరు చేశారని అడిగింది. అమ్మ గిన్నెను తనే పేపర్లో చుట్టి ఆవిడ సంచిలో పెట్టింది.

"మా పాప చేసింది" అంది తమిళంలో. "ఆయన లేడు."

ఫోన్ వచ్చిన రోజు నుంచీ నాయన పోయాడని అందరూ నాకు చెప్తూనే ఉన్నారు. నేనూ అందరికీ చెప్తూనే ఉన్నాను. ఆయన లేడని నాకు తెలిసింది మాత్రం అప్పుడే. భయం వేసింది. పేపరు ఒకటి తీసి, అక్కర లేకపోయినా మడతలు పెడుతూ కూర్చున్నాను.

ఆ తర్వాత వచ్చినవాళ్ళందరికీ అమ్మ నన్నే చూపించి అమ్మింది. దీపాలు తీసేసే వేళకి బల్ల ఖాళీ అయింది. ఒక్క గిన్నెనైనా ఇంటికి ఉంచుకుందామని ఆమె అనలేదు, నేనూ అనలేదు.