అతుకు లేని ట్యాంకు

మా సందులో రంగనాథ్ సారుకు నచ్చిన వస్తువు ఒక్కటీ లేదు. మా ఇళ్లు అగ్గిపెట్టెలు, మా మేస్త్రీలు మొద్దులు, మేము సరేసరి. అంతరిక్ష కేంద్రంలో డ్రాయింగులు గీసి రిటైరై, కర్నూలు పాతబస్తీలో ఇల్లు కట్టుకున్న మనిషాయె. ఆయన కంటికి మేం ఆనం.

సారు ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఘన ఇంధనంతో మండే పెద్ద రాకెట్ బూస్టరు ఎలా ఉండాలా అని తొలి నమూనాలు గీయించారట. ఈయన నిలువునా ఒకే గొట్టంగా గీశాడు. "ఇంత పొడుగుది ఏ రోడ్డు మీద తెస్తావయ్యా? ముక్కలుగా తెచ్చి ఒకదానిమీద ఒకటి నిలబెడదాం" అని పైవాళ్లు దాన్ని పక్కన పడేశారు. బావికి వరలు పేర్చినట్టన్నమాట. ఆ మంట ఇంకా ఆరలేదు. టీకొట్టు దగ్గర ఎవరు దొరికినా, "అతకడం చేతగానివాడి పని. అతుకున్నచోటే మంట తన్నుకొస్తుంది, తెలుసా?" అనేవాడు. మాకేం తెలుసు, చేతిలో టీ చల్లారుతోందని తప్ప.

తెల్లారితే సారు కొత్తింటి గృహప్రవేశం. పత్తికొండ నుంచి ఆయన భార్య మహాదేవి పుట్టింటివాళ్లంతా వస్తున్నారు. కుళాయి నీళ్లు ఆ సాయంత్రం వదిలితే మళ్లీ ఎల్లుండే. ఆలోగా మిద్దెమీదికి ట్యాంకు ఎక్కాలి.

"రెండు చిన్నవి పెట్టి పైపుతో కలిపితే సరిపోతాది గదా సారూ" అన్నాడు ఎదురింటి కంబన్న.

"నీ మొహానికి అంతకంటే ఏం తోస్తుంది!"

గేదెలా నల్లగా, అంత పెద్ద ట్యాంకు ఒకటి వచ్చింది. సందు మొదట్లోనే బండి ఆపేశాడు డ్రైవరు జయపాల్. "ఈడ పట్టదు సార్."

"పట్టకేం? దొర్లించు!"

దొర్లించారు. రామేశ్వరమ్మ ఇంటి మెట్లకూ కరెంటు స్తంభానికీ మధ్య అది బిగుసుకుపోయింది.

"రాకెట్లు కొలిచినారంట గదా సారూ, ఈ సందు కొలవలేకపోయినారా?" అంది రామేశ్వరమ్మ, ఇంట్లోంచి బయటికి రాలేక కిటికీలోంచి.

ట్యాంకు అవతలనుంచి మహాదేవి గొంతు. "ఏమండీ, యాడుండారు?"

"ట్యాంకు వెనక."

"మీ ఆఫీసోళ్లు అప్పుడే చెప్పినారు గదా, ముందు రోడ్డు చూసుకోమని!"

సారు ట్యాంకుకు భుజం ఆనించి ఇంకోసారి తోశాడు; అది కదల్లేదు.

అందరం కలిసి దాన్ని వెనక్కి లాగి, సందు మొదట్లోనే నిలబెట్టి, కుళాయి వదలగానే నింపాం. మర్నాడు వంటవాళ్లు అక్కడినుంచే బిందెలు మోశారు. మనుషులు చాలక సారు కూడా పట్టుపంచె ఎగ్గట్టి బకెట్ పట్టాడు. బావమరిది శేషన్న ట్యాంకు చుట్టూ తిరిగి చూసి, "బావా, నీ రాకెట్టు శానా బాగుండాది. ఎప్పుడు ఎగురుతాది?" అన్నాడు.

ఇప్పుడు మిద్దెమీద రెండు చిన్న ట్యాంకులున్నాయి, మధ్యన పైపు. పొద్దున్నే సారు పైకెక్కి, అతుకు చుట్టూ వేలు పెట్టి తడిమి, ఆ వేలిని వెలుతురులో చూసుకుంటాడు.

"కారుతాండాదా సారూ?" అని అడుగుతాడు కింద కంబన్న.

"నీ పని నువ్వు చూసుకో" అంటాడు సారు. అని, ఇంకోసారి తడుముతాడు.